ఇల్లె

పది రోజులు ఇల్లు, ఇల్లు అని తిరిగాను.
ఊరు ఊరంతా ఇల్లె, ఇల్లె అంది.
నేను అడిగేది గూడు,
వాళ్ళ నోట అదే మాట లేదు అని వినిపిస్తుంది.
చివరికి మడిపాక్కంలో, మూడో అంతస్తులో
రెండిటికీ నడుమ ఒకటి దొరికింది:
గది ఉంది, కిటికీ ఉంది,
తాగే నీళ్ళు ఇల్లె.

ఓనరు సెల్వనాయగం గారు
అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టుకుని
తాళంచెవి ఇస్తూ నా పళ్ళకేసి చూశారు.
ఏమీ అడగలేదు, మర్యాదస్తుడు.
మాది కనిగిరి అండీ, అన్నాను
పెదాలు దగ్గరకు లాక్కుని.
ఆ పేరు ఆయనకెక్కడా తగిలినట్టు లేదు.
మా బోరునీళ్ళు పెట్టిన సంతకం ఇది,
డికాషన్ రంగులో.
ఏ ఊరికెళ్ళినా నాకు
వేరే అడ్రసు ప్రూఫు అక్కర్లేదు.

నాకంటే ముందున్నావిడ
గోడలకి ఏడు మేకులు వదిలి వెళ్ళింది,
బాత్రూంలో అరిగిన సబ్బు,
వంటింటి అలమర తలుపు లోపల
పెన్సిలుతో తమిళంలో రెండు గీతలంత రాత.
ఏడు మేకులకి తగిలించేంత సంసారమా నాది?
ఒకదానికి తువ్వాలు. ఒకదానికి గొడుగు.
బస్సులో మూత ఊడిన కారప్పొడి
చుడీదార్లన్నిటికీ వెల్లుల్లి వాసన పట్టించింది,
వాటిని కిటికీ ఊచలకే ఆరేశాను.
మిగిలిన ఐదు మేకులూ
రాత్రంతా నన్నే చూస్తూ ఉన్నాయి.

నాలుగున్నరకి
తణ్ణి! తణ్ణి! అని మెట్ల మీద కేకలు.
ఎవర్ని తన్నారో, ఎందుకు తన్నారోనని
జుట్టు ముడేసుకుంటూ కిందికి పరిగెత్తితే
వీధి మలుపులో నీళ్ళ లారీ.
దాని వెనక నిద్రమొహాలు,
నిద్రమొహాల ముందు ప్లాస్టిక్ బిందెలు.
అందరికీ చంకలో ఏదో ఒకటుంది.
నేను వట్టి చేతులతో నిలబడ్డాను
పెళ్ళికి వచ్చి పేరు మరిచిపోయినట్టు.
ఎదురు పోర్షను తిలగవతి అక్క
నన్ను పైనుంచి కిందికి చూసి
ఒక నారింజరంగు బిందె నా చేతుల్లో కుక్కి
పో మా, పో, అంది.
హమ్మయ్య,
పో మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆ బిందె తిరిగి ఇవ్వడానికి వెళ్తే
తనే వచ్చి అలమర రాత చదివింది:
సెవ్వాయ్, వెళ్ళి. లారీ వచ్చే రోజులు.
సెవ్వాయ్ మంగళవారం,
వెళ్ళి అంటే శుక్రవారమట.
మా బడిలో అది అసమాపక క్రియ.
వెళ్ళి... ఏం చేసింది?
వెళ్ళి... ఎక్కడుంది?
మాస్టారు బెత్తం ఊపుతూ
వాక్యం పూర్తి చేయమనేవారు.

సోమవారం నుంచి గిండీలో ల్యాబు.
ఆరు నెలలు. స్టైపెండు అద్దెకి సరిపోతుంది,
అద్దె అయ్యాక తిండికి ఆలోచించాలి.
తెల్లకోటు మీరే తెచ్చుకోవాలి అని రాశారు.
మూడో మేకుకి తగిలించాను.
ఫ్యాను గాలికి చేతులు రెండూ కదుపుతూ
నాకంటే ముందే పనిలో చేరినట్టుంది.
అక్కడ ఊరి నీళ్ళన్నీ సీసాల్లో వస్తాయట,
ఉప్పెంత, నైట్రేటెంత, ఫ్లోరైడెంత
కొలిచి చెప్పాలి.
ఫ్లోరైడుకి రుచి ఉండదు.
దాని మోసమంతా అక్కడే.
చేదుగా ఉండుంటే
చిన్నప్పుడే ఊసేసేవాళ్ళం కదా.

ఆదివారం రాత్రి.
ఖాళీ అయిన కారప్పొడి సీసాని
మూడుసార్లు తోమి, వేడినీళ్ళతో కడిగి
మా బాత్రూం కొళాయి కింద పెట్టాను.
చీటీ అంటించాను: మడిపాక్కం, మూడో అంతస్తు.
నా పేరు రాయాలా వద్దా అని కాసేపు ఆగి
రాశాను.
వెల్లుల్లి వాసన పూర్తిగా పోలేదు,
మేడం గారు తిడతారేమో.

రేపు యంత్రం ఏ అంకె చూపిస్తుందో గానీ
ఒక చుక్క నాలిక మీద వేసుకుని
నేను ఇప్పుడే గోడ మీద పెన్సిలుతో రాసి పెట్టాను:
పద్దెనిమిది వందలు.
కనిగిరి వాళ్ళం,
ఉప్పు దగ్గర పెద్దగా పొరబడం.