నాలుగు సెకన్లు

దూరవాణినగర్ ఫ్యాక్టరీలో మా నాయన పని
రోజంతా రిసీవరు చెవికి ఆనించుకోవడం.
గరగర వినిపిస్తే పక్కన పెట్టాలి,
వినిపించకపోతే ముద్ర కొట్టాలి.
ఇరవై తొమ్మిదేళ్లు
నిశ్శబ్దాన్ని పాస్ చేసి పంపిన మనిషి.

అట్లాంటి ఇంట్లోకి
మూడో బ్లాకు లెస్లీ ఇచ్చిన క్యాసెట్టు తెచ్చాను.
రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి
తలుపులు మూసి, ఫ్యాను ఆపి ఎక్కించిన కాపీ.
రెండో పాట నడుమ వాళ్లమ్మ కేక కూడా ఎక్కింది,
పాలు పొంగుతున్నాయి చూడమని.
పాటలో మాటే అనుకున్నాను చాన్నాళ్లు.
ఇంగ్లీషు అప్పటికి నాకు
రేకుల మీద వానంత అర్థమయ్యేది.

గిటారు మొదలైన పూట
నాయన కంచం ముందు నుంచి లేచొచ్చాడు.
ఎడమచేత్తో డబ్బాను తట్టి
"స్పీకరు చిరిగింది పాపా" అన్నాడు.
చిరగలేదు నాయనా, అది అట్లే వాయిస్తారు.
"కావాలనా?"
కావాలనే.
కుడిచేతి మీద చారు ఎండిపోయేదాకా నిలబడ్డాడు.
మా సెక్షన్లో అయితే, అన్నాడు చివరికి,
వీణ్ని పొద్దున చేర్చుకుని మధ్యాహ్నానికి పంపేస్తారు.

సెలవుల్లో మధ్యాహ్నాలు
చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని
స్పీకరు జాలీకి చెంప ఆనించేదాన్ని.
లేచేసరికి చెంప మీద చుక్కలు చుక్కలు.
మూడున్నర సైరను మోగితే
అదీ అదే శ్రుతిలో ఉందేమోనని వినేదాన్ని.

ఆ ఏడు వానల్లో టేపు చిక్కుకుంది.
గోధుమరంగు పేగులన్నీ బయటికి.
నేను ఏడ్చానో లేదో గుర్తులేదు.
నాయన లైటు కింద కూర్చున్నాడు,
బ్లేడు, సెల్లోటేపు, ఫ్యాక్టరీ పట్టకారు.
నలిగిన చోట కోసి అతికించాడు.
"జానెడు ముక్క. నాలుగు సెకన్లు పోయుంటాయి, అంతే."
అక్కడికి రాగానే పాట మెట్టు తప్పి దూకేది,
నేనూ దూకేదాన్ని.
వెయ్యిసార్లు దూకి ఉంటాను.

నిరుడు వాళ్లు బెంగళూరు వచ్చారు.
ముసలాళ్లయిపోయారు, డ్రమ్ముల పక్కన టేబుల్ ఫ్యాను.
ప్యాలెస్ గ్రౌండ్స్ నిండా ఎర్ర బురద,
నల్ల టీషర్టుల్లో బానపొట్టలు,
మోకాలికి పట్టీ కట్టుకుని నేను.
రెండో పాటలో ఎవరి అమ్మా కేకెయ్యలేదు.
ఆ చోట ఏదో వెలితి.
లోపల్లోపలే అనుకున్నాను: లెస్లీ, పాలు.
వాళ్ల వీధి మొగలో ఇప్పుడు మెట్రో స్తంభం.

తర్వాత ఆ పాట.
ఆ చోటు వచ్చింది.
నేను దూకాను,
కళ్లు మూసుకుని, గొంతెత్తి, ఒక్కదాన్నే,
ముప్పైవేల మందికి నాలుగు సెకన్లు ముందు.
పక్క కుర్రాడు నవ్వాడు.
అవతలి గట్టున నిలబడి చూశాను
ఇవతల ఏం మిగిలిపోయిందో.

ఏమీ లేదు.
గిటారు ఆగింది.
పాడే మనిషి ఊపిరి పీల్చాడు.
డ్రమ్ము పుల్లలు ఒకదానికొకటి నాలుగుసార్లు తగిలాయి.
గరగర లేదు, హోరు లేదు,
మా నాయన ముద్ర కొట్టి పంపేంత శుభ్రంగా.
ఆ పాట మొత్తంలో ఆయనకు నచ్చేది అదొక్కటే,
దాన్నే కోసి పారేశాడు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
నాయన మేలుకునే ఉన్నాడు.
చెవి మిషను సరిగా కూర్చోక కుయ్యిమంటోంది,
అది ఆయనకు తప్ప అందరికీ వినపడుతుంది.
జానెడు ముక్క సంగతి చెప్పాను.
నా చెవుల్లో ఇంకా హోరు,
ఎంత గట్టిగా అరుస్తున్నానో నాకే తెలియలేదు.
విన్నాడో, పెదాలు చూసి పోల్చుకున్నాడో,
"అయితే మంచి ముక్కే పోయిందన్నమాట" అన్నాడు.
కాసేపాగి,
"కాళ్లు కడుక్కో పాపా, అంతా బురద."