కొలతల బుక్కు చివరి పేజీ

కొత్తవాడల నా కుట్టుమిషను వెనక
జామకొమ్మకు వేలాడే సత్తుపళ్లెం,
పొద్దుగాల అండ్ల గుప్పెడు నూకలు.
ఏడున్నర నుంచి ఎనిమిది దాక
ఎవరి జాకెట్టూ ముట్టను.
చెవి మీది పెన్సిలు తీసి
కొలతల బుక్కు చివరి పేజీల గీతలు గీస్త.

మొదటేడు ఎండకాలం
పిచ్చుకలు ముప్పై నాలుగు.
పికిలిపిట్టలు రెండు, ఎప్పుడైనా జంటగనే.
గోరింకలు లెక్కకు నిలవయి,
కొట్లాడుకుంటనే వొస్తయి, కొట్లాడుకుంటనే పోతయి.

దర్రీలు నేసే గూనపెంకల ఇల్లు
అప్పుడు పక్కనే ఉండె.
మగ్గం ఆగినప్పుడల్లా
చూరు కింద వీటి సప్పుడు మొదలయ్యేది.
నా కత్తెర కింద రాలిన పోగులు
ముక్కున కరుచుకొని అటే ఉరికేటివి.
ఆ ఇల్లు విప్పిన నాడు
దూలం సందుల ఒక గూడు దొరికింది:
గడ్డి, కోడి ఈక,
వజ్రమ్మ బిడ్డ పెండ్లి జాకెట్టు ఎర్రదారం.

అక్కడ ఐదంతస్తులు లేచినయి.
పిచ్చుకలు పందొమ్మిది, పావురాలు నాలుగు.
మరుసటేడు పిచ్చుకలు పదకొండు,
పావురాల గీతలు అంచు దాటి అట్ట మీదికెక్కినయి.
అవి వాలితే కొమ్మ వంగి నేలను చూస్తది.

పదకొండన్న ఉన్నయి గదా అనుకున్న.
అనుకొని కాజాలు కుట్టుకున్న.

మొన్న జరమొచ్చి పండుకున్న.
పని నేర్చుకునే ఫర్జానాకు బుక్కిచ్చిన.
పిల్ల గీతలు గీయలే.
ఒక్కో పిట్టకు ఒక్కో రంగు గుండీ తీసిపెట్టుకున్నది.
ఎనిమిదింటికి నా ముంగట గుప్పిట విప్పింది.
రెండు గుండీలు.

"రెండేనా? నాకు రోజూ పదకొండొస్తయి."
"అవే చాచా, మళ్ల మళ్ల వొస్తయి.
తోక కురచది ఆరుసార్లొచ్చింది.
దాని ఎనకాలది ఐదుసార్లు."

పాత పేజీలు తిప్పిన.
ఆ ముప్పై నాలుగు
ఎన్ని గుండీలయ్యేటివో.
గీతలకు మొకాలుండయి.

ఇయ్యాల చివరి పేజీ వదిలిపెట్టి
గిరాకీల వరుసలనే రాసిన:
పిచ్చుక, ఆడది. తోక కురచ.
చాతీ నా బొటనవేళ్లు రెండు కలిపినంత.
ఎడమ రెక్క మీద సున్నం మరక.
ఇచ్చే తారీకు కాడ
పెన్సిలు ఆగింది.
అందరికీ చెప్పే మాటే
దానికీ రాసిన:
రేపు.