టేపు లేని కత్తెర

బొబ్బర తగిలిన మిరపమొక్కల్ని పీకి
గట్టున కుప్ప పోసింది హుసేన్‌బీ.
ఆస్పరి దగ్గర, రెండెకరాల కౌలు రేగడి.
ఒక్క మొక్కని మరిచిపోయింది.

కార్తీకం చివర చూస్తే
దానికి కిందంతా దోనెల్లా ముడుచుకున్న ఆకులు,
పైన మాత్రం
ఇస్త్రీ చేసినట్టు నాలుగు.
"మందు కొట్టలేదు మేడమ్,
నీళ్ళు గూడా సరిగ్గా ల్యావు.
దీన్ని ఎవురు బాగుచేసినారు?"

కింది ఆకొకటి, పై ఆకొకటి
ఐసు పెట్టెలో కర్నూలు పట్టుకుపోయాను.
నెల తర్వాత
ఆమె కుట్టుమిషను పక్కన కూర్చుని చెప్పాను:

వైరస్ మొక్కలో దూరి తన రాతే రాయించుకుంటుంది.
ఒంటిపేట రాతకి మొక్క ఉలిక్కిపడదు.
రెండు పేటలు పెనవేసుకున్న ఆర్ఎన్ఏ కనబడిందా,
కత్తెర లేస్తుంది.
డైసర్ దాని పేరు.
ఇరవై ఒక్క అక్షరాలకో ముక్క.

"టేపు ల్యాకుండానా?"

దాని ఒళ్ళే టేపు.
తర్వాత ముక్క కొసన
పోగులు ఊడకుండా చిన్న రసాయనపు కుట్టు...
"ఓవర్‌లాక్," అంది తలెత్తకుండా.
పుస్తకంలో పేరు చెప్పబోయి మానుకున్నాను.

రెండు పేటల్లో ఒకటి జారిపోతుంది.
మిగిలినదాన్ని ఆర్గొనాట్ కరుచుకుని
కణమంతా తిరుగుతుంది,
గుడ్డముక్క చేతబట్టి ఆదోని బజారులో
మ్యాచింగ్ దారం వెతికినట్టు.
అక్షరానికి అక్షరం కలిసినచోట
వైరస్ రాతని తెగ్గోస్తుంది.

వైరసూ చేతులు కట్టుకోదు.
ఆ ముక్కల పని చెడగొట్టే ప్రోటీను
దాని దగ్గరా ఉంది.
కింది ఆకుల్లో గెలిచింది అదే.
ఈలోగా కొన్ని ముక్కలు
చక్కెర పారే దారిలో ఎక్కి
ఇంకా విప్పుకోని చిగురుకి
దొంగ ఆనవాలు ముందే చెప్పేశాయి.

మిషను ఆగింది.
"దీని ఇత్తనాలు పెడితే?"

ఇత్తనంలోకి ఆ ఆనవాలు
పోతుందని చెప్పలేను. చాలామటుకు పోదు.
"ఐతే ప్రతి మొక్కా మొదట్నుంచి నేర్చుకోవాల్సిందే"
అని దారం కొరికింది.

మొన్న పోయినప్పుడు చూశాను.
పదకొండు కాయలు, ఒకదానికి పురుగు.
కాండానికి గుర్తుగా
వంగపండు రంగు పీలిక కట్టింది.
పట్టి చూస్తే
దాని అంచుకీ ఓవర్‌లాక్.