తాడు పట్టేటోడు

ఫారం పదకొండో పేజీలో అడిగినారు:
లబ్ధిదారుల సంఖ్య ఎంత?
బుధవారపేటలో టైర్ల కొట్టు మీది గదిలో
వేళ్లు మడిచి లెక్క పెడుతున్నా.
భూమని ఈదన్న ఒకడు.
ఆయన పాటలోకి వచ్చే ఈగల్ని ఎన్నని రాయాలి?

మొదటిసారి పోయినప్పుడు
ఆత్మకూరు దాటి, చెక్‌పోస్టులో పేరు రాయించుకొని
ఎర్రగుండం పెంట చేరేసరికి పొద్దు వాలింది.
మైకును చూసి నవ్వినాడు ఈదన్న:
"దీనికి బొచ్చు టోపీ ఎందుకు బిడ్డా, పడిశమా?"
ఆ నవ్వే మొదటి ఫైలు.
పేరేం పెట్టాలో తెలీక
సున్నా సున్నా ఒకటి అని పెట్టినా.

గడ్డల పేర్లు తోకల ఈరమ్మ చెప్పింది.
ఏది ఉడకేయాలో, ఏది నిప్పుల్లో పెట్టాలో,
ఏది తవ్వుకున్నాక తలకాయ మళ్లీ మట్టిలో పూడ్చి రావాలో.
ఒక గడ్డ దగ్గర ఆగింది.
"ఇది చెప్పను. చెప్తే బండ్లేసుకొని వస్తారు."
తర్వాత నలభై రెండు సెకన్లు
ఎండుటాకుల మీద కోడి నడిచిన చప్పుడు.
కత్తిరించలేదు.
ఏమీ లేని ఫైలుకు ఇంత చోటెందుకని ఆడిటరు అడిగినాడు.

తేనె పాట పెంటలో పాడనన్నాడు ఈదన్న.
కొండ అంచుకు తీసుకుపోయినాడు.
కింద లోయ. నార తాడు.
పైన కొస పట్టింది బయ్యన్న, పెండ్లాం తమ్ముడు.
"మీ అన్న పట్టకూడదా?" అన్నా.
"అన్నదమ్ములకు పంపకాలుంటాయి.
వీనికైతే, అక్క బొట్టు ఈ తాడుకే ఉండాది.
చేతులు తెగినా వదలడు."
పొగ. ఈగల మోత.
ఆ మోత కిందినుంచి ఎక్కివచ్చిన పాట
సగం నాకు వినపడింది, సగం మైకుకు.

ఇప్పుడది నా బల్ల మీద
ఇటుకంత నల్ల డబ్బాలో ఉంది.
మే నెల కర్నూల్లో మనుషులే వేడెక్కి ఆగిపోతారు,
డబ్బాకు తడిగుడ్డ కప్పలేను గదా.
మొదటి ఏడు డబ్బులిచ్చినోళ్లు రిబ్బను కత్తిరించి ఫోటో దిగినారు.
రెండో ఏడు సగమిచ్చి వినియోగ పత్రం అడిగినారు.
మూడో ఏడు ఒకటే వాక్యం:
మా ప్రాధాన్యాలు మారినవి.
రికార్డరు కొనడానికి పద్దు ఉంది.
పాటను ఇరవై ఏండ్లు బతికించడానికి లేదు.

గౌరవ వేతనానికి వేలిముద్ర కావాలన్నారు.
బండలు పట్టీ పట్టీ
ఈదన్న వేళ్ల మీద గీతలు అరిగిపోయినాయి.
మళ్లీ ప్రయత్నించండి, అనింది మిషను నాలుగుసార్లు.
ఐదోసారి ఆయనే దాన్ని బుజ్జగించినాడు:
"ఉండేది ఇంతే నాయనా, తీసుకో."

పోయిన వారం మళ్లీ పోయినా.
చెవులకు హెడ్‌ఫోన్ పెడితే
తన గొంతు తానే విని, చాలాసేపటికి అడిగినాడు:
"నన్ను ఇంత లోతుకు దించినావే,
పైన తాడు ఎవరు పట్టినారు?"
ఢిల్లీలో ఒక ఆఫీసు, అన్నా.
"వాళ్ల పిల్లను మనం చేసుకున్న్యామా?"
ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు.
లేదన్నా.
హెడ్‌ఫోన్ తీసి, తుడిచి, నా చేతిలో పెట్టినాడు.

పదకొండో పేజీ చివరి గడి:
గడువు ముగిశాక నిలకడ ఎట్లా? రెండు వందల మాటలకు మించరాదు.
తాడు పట్టేవాళ్ల అక్క ఎవరో ముందు తెలియాలి, అని రాసినా.
చెరిపేసినా.
సర్వరు అద్దె నెలకు నాలుగు వేల ఎనిమిది వందలు,
ఏప్రిల్ దాకా కట్టినాం, తర్వాతది కావాలి, అని రాసినా.

కరెంటు పోయింది.
యూపీఎస్ పిల్లికూనలా అరుస్తోంది.
గోడలో ప్లగ్గు వదులు.
ఎడమ చేత్తో దాన్ని నొక్కి పట్టుకొని
కుడిచేత్తో సేవ్ కొట్టినా.
కింద టైర్ల కొట్టాయన షట్టరు దించుతా
పైకి కేకేసినాడు, ఇంకా ఉండారా అని.
ఉన్నా అన్నా,
చెయ్యి తియ్యకుండా.