వెంట్రుకవాసి

ఇంగెబ్రిట్ మధ్యాహ్నం ఫోన్ చేశాడు.
మధ్యాహ్నమంటే గడియారం మాటే.
స్కారవిక్‌లో నవంబరులో మునిగిన సూర్యుడు
ఇంకా తల ఎత్తలేదు.

వంతెన కింద తాడుకు వేలాడుతూ
"ఏడో దూలం, అతుకు పక్కన,
నా చిటికెన వేలంత" అన్నాడు.
ముప్పై ఏళ్ళుగా ఉక్కును సుత్తితో తట్టి
పలికే తీరును బట్టి రోగం చెప్పేవాడు
ఆ పూట గొంతు తగ్గించాడు,
పగులు వింటుందేమో అన్నట్టు.

ట్రోండ్‌హైమ్‌లో, మూడో అంతస్తులో,
నేను ఆ దూలం మీద వల పరిచాను.
మా లెక్కల్లో దాన్ని వల అనే అంటాం.
కాడ్ చేపలకు నాన్న అల్లిన వలే,
ముళ్ళు మాత్రం అంకెలవి.
ఒకప్పుడు పగులు గోరంత జరిగితే చాలు
వలంతా విప్పి మళ్ళీ అల్లుకోవాలి.
ఇప్పుడు వలకళ్ళ మధ్య నుంచి
దాన్ని దాని దారిన పోనిస్తాం,
పక్కనున్న ప్రతి ముడికీ
ఒక అదనపు మాట చెవిలో వేసి:
ఇక నీకు ఈ ఒడ్డు వేరు, ఆ ఒడ్డు వేరు.

మొన దగ్గరే వస్తుంది చిక్కంతా.
అక్కడ ఒత్తిడి ఎంత అని సమీకరణాన్ని అడిగితే
అనంతం అంటుంది, తడుముకోకుండా.
ఉక్కుకు అనంతం తెలీదు.
కాస్త సాగుతుంది, కాస్త ఓర్చుకుంటుంది,
ఓర్చుకున్నంతసేపూ
మనకేమీ చెప్పదు.

ఇక తెలియనివి.
అతుకు వేసినవాడి చెయ్యి ఆ రోజు వణికిందా?
ఈ చలికాలం గాలి ఎన్నిసార్లు ఒళ్ళు విరుచుకుంటుంది?
చేపల లారీలు చీటీలో రాసిన బరువే మోస్తున్నాయా?
("ఎప్పుడు మోశాయి కనక?" నవ్వాడు ఇంగెబ్రిట్.)
చిటికెన వేలంత అంటే
చేతి తొడుగుతోనా, తొడుగు లేకుండానా?
ఒక్కో సందేహానికి ఒక్క అంకె ఇవ్వలేదు,
ఇంత నుంచి ఇంత దాకా అని ఎల్లలు గీసి
పాచికలు యంత్రం చేతిలో పెట్టి
కాఫీకి వెళ్ళాను.

ఆ రాత్రి పది వేల వంతెనలు కట్టాను.
పది వేల చలికాలాలు వాటి మీదుగా వీచాయి.
తెల్లారేసరికి, మళ్ళీ గడియారం మాటే,
నలభై ఒకటి ఏప్రిల్ దాకా నిలవలేదు.

"వెయ్యికి నాలుగు" అని
మా పెద్దాయన హాల్‌స్టైన్ అంచు కత్తిరించి రాసుకున్నాడు.
నేను ఆ నలభై ఒకటినీ ఒక్కొక్కటే తెరిచాను.
ఆరు వేల రెండు వందల పద్ధెనిమిదో వంతెన
ఫిబ్రవరి తొమ్మిదిన, ఉదయం ఎనిమిదింటికి.
ఆ వేళకు దాని మీద మర్గిట్ నడిపే బడి బస్సు ఉంటుంది.
ప్రోగ్రాముకు అది పద్నాలుగు టన్నులు.

మూసేయమన్నాను, రెండు రోజులు.
ఒడ్డున లారీలు బారులు తీరాయి.
మంచులో పెట్టిన చేపకు గణితంతో పనేముంది,
దాని యజమానికి అంతకన్నా లేదు.
తిట్లన్నీ ఇంగెబ్రిట్‌కే తగిలాయి,
అక్కడ కనిపించే మనిషి అతనే గనక.

ఎర్ర రంగు పూసి, తుడిచి,
పగులు ఎక్కడ ఆగిందో చూసి
సరిగ్గా ఆ మొన మీద డ్రిల్లు పెట్టాడు.
చీలికను ఆపడానికి ఒక చిల్లు.
లారీ డ్రైవర్లకు ఇది ఎలా చెప్పాడో నాకు తెలియదు.
గుండ్రనిదానికి మొన ఉండదు,
మళ్ళీ మొదలు పెట్టాలంటే పగులుకు
చోటు వెతుక్కోవాలి.

వారం తర్వాత పోస్టులో ఒక ఉక్కు బిళ్ళ వచ్చింది.
దాని మీద అంచు నుంచి సగం దాకా
వెంట్రుకవాసి గీత.
వెంట చీటీ: "అరవై నాలుగు మిల్లీమీటర్లు."
నేను అరవై ఒకటి అనుకున్నాను.

కొత్త కొలతతో, చిల్లుతో సహా
మళ్ళీ పది వేలు కట్టాను.
ఏడు పడిపోయాయి.
సున్నా వచ్చి ఉంటే
నా ప్రోగ్రామునే అనుమానించేదాన్ని.
ఆ ఏడింటి నంబర్లు కాగితం మీద రాసి
సొరుగులో, బిళ్ళ కింద పెట్టాను.