నాలుగు ముక్కలు

పాత కార్పెట్ పీకేసిన రోజు
బాలరాట్‌లో ఎముకలు కొరికే చలి.
దాని కింద ఒక గోలీ, రెండు పిన్నీసులు,
ఎవరిదో ఎప్పటిదో గుర్రప్పందేల చీటీ.
ఇంకా కింద నల్లబడ్డ చెక్క.
మేకులు లెక్కపెడుతూ కూర్చున్నాను
టీ చల్లారిపోయేదాకా.

షాపు నుంచి నాలుగు ముక్కలు తెచ్చి వారమైంది.
వంటింటి గుమ్మం దగ్గర వరసగా పరిచి
దాటినప్పుడల్లా ఒక్కోదాని మీద కాలు మోపి
పెళ్లిచూపులకొచ్చిన మేనత్తల్లా
వంకలు పెడుతున్నాం.

హైమది టైలు పక్షం.
పసుపు ఒలికినా పాలు పొంగినా
ఒక్క గుడ్డతో సరి అంటుంది.
నిజమే. కానీ ఇక్కడ జూలై అంటే నడి చలికాలం.
పొద్దున్నే దాని మీద కాలు పెడితే
ఏ జన్మలో పాపమో నడినెత్తిన జివ్వుమంటుంది.

నాది కార్పెట్ పక్షం.
ఇంట్లో పెట్టిన ప్రతి పోపునీ కడుపులో దాచుకుని
చుట్టాలొచ్చిన రోజే బయటపెడుతుందని
హైమ ఫిర్యాదు.

కొత్త ఓక్ చెక్క అందంగానే ఉంది.
ధర చూసి ఇద్దరం
దాని మీంచి కాళ్లు తీసేశాం.

మిగిలింది ఫ్లోటింగ్.
మేకు లేదు, జిగురు లేదు,
ఒకదాంట్లో ఒకటి టిక్కున కూర్చుంటాయి,
కింది నేలకి అంటుకోకుండా తేలుతుంటాయి అన్నాడు
షాపులో రసెల్.
నేల విడిచి సాము విన్నాను గానీ
నేలే నేలని విడవడం ఇదే వినడం.
ఆ నేల తేలుతుందట.
మా లెక్కే తేలడం లేదు.

"కింద పరిచే ఈ మెత్త చూశారా?
పైన గుర్రం పరిగెత్తినా వినపడదు"
అన్నాడు గర్వంగా.
ధర చీటీ మీద నిశ్శబ్దానికి విడిగా చుక్కలున్నాయి.
ఐదుకి నాలుగున్నర.

ఆదివారం మధ్యాహ్నం
మిహిర ఆ వట్టి చెక్క మీద బోర్లా పడుకుని
బొమ్మలేస్తోంది, వీపు నా వైపు.
తొమ్మిదేళ్లది.
పుట్టినప్పటినుంచీ దాని చెవులకి
మా గొంతులు అందలేదు.
నేను మేజోళ్లతో, మెల్లగా, వెనక నుంచి వెళ్లాను.
మూడో అడుగుకి అది ఎడమచెయ్యి పైకెత్తి
తల తిప్పకుండానే
వేళ్లతో "నాన్న" అంది.

హైమని పిలిచాను. నడువు, అన్నాను.
"అమ్మ."
పెరటి తలుపులోంచి పక్కింటి కుక్క దూరింది.
"కుక్క! తడిసింది!"
తడిసిందని ఎలా తెలిసిందో ఇప్పటికీ చెప్పదు.

హైమ అక్కడే గోడకి చేరగిలబడింది.
ఐదేళ్లు.
ఆ కార్పెట్ మీద దాని వెనక్కి ఎన్నిసార్లు వచ్చామో,
ఎన్నిసార్లు భుజం తట్టామో.
తట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడేది.
బెదురు పిల్ల అనుకున్నాం.
స్కూలు ఫారంలో స్వభావం అన్న గడిలో
అదే రాశాను, నా దస్తూరీతో.

సోమవారం రసెల్‌కి ఫోన్ చేశాను.
పాత చెక్కే ఉంచుతున్నాం,
చిత్రిక పట్టి నూనె పూసే మనిషి ఉంటే చెప్పమన్నాను.
"కిర్రుమంటుంది," అన్నాడు, "ఒకరు నడిస్తే
ఇల్లంతా తెలిసిపోతుంది. తర్వాత నన్ననొద్దు."
అనను అన్నాను.
స్నానాలగదికి టైలు మాత్రం పంపమని
పక్కనుంచి హైమ అందించింది.
పట్టు వదలదు.

మూడు ముక్కలు తిరిగిచ్చేశాం.
కార్పెట్ ముక్క ఇవ్వలేదు.
మంచం పక్కన, సరిగ్గా నా రెండు పాదాలంత.
చలి పొద్దుల్లో కాసేపు దాని మీద నిలబడి
ధైర్యం కూడగట్టుకుని
చెక్క మీద మొదటి అడుగు వేస్తాను.

పక్కగదిలో లైటు వెలుగుతుంది.