లోతా, మందమా

మిందేలోలో ఈ కాలాన్ని ఎండుమంచు అంటాం.
సహారా లేచి, సముద్రం దాటొచ్చి
పడవల మీద, ఆరేసిన దుప్పట్ల మీద,
నా కాఫీ మీద కూర్చుంటుంది.
విమానాలు దిగవు.
ఎదుటి దీవి ఉన్నచోట ఏమీ ఉండదు.
దీన్ని ఇక్కడెవరూ నిర్వచించలేదు.
"ఇవాళ కొండ కనపడట్లేదు" అంటే
కొలత అయిపోయినట్టే.

మేడ మీద యంత్రానికి అద్దం తుడవడం నా పని.
అది సూర్యుణ్ణి చూసి
రావలసిన వెలుగులో ఎంత రాలేదో రాస్తుంది.
కింద గదిలో ఇంకోటి ఉంది,
గొట్టంలోంచి గాలి పీల్చి, ఆరబెట్టి, లెక్కపెడుతుంది.
పదకొండేళ్లు ఆ రెండు వరసల అంకెల మీదా
నేను రాసిన పేర్లు:
మసక ఒకటి. మసక రెండు.

మార్చిలో లైప్జిగ్ నుంచి ఉత్తరం.
రాసినామె గేజీనె. మర్యాదగానే అడిగింది:
ఏ మసక?
నేల దగ్గరిదా, నేల నుంచి ఆకాశం కొస దాకానా?
ఏ రంగు వెలుగులో?
రేణువులు తడిగా ఉన్నప్పుడా, ఆరాకా?
మీ అంకెలు నమ్మి మేం వేసిన పటంలో
వాన ముందు రోజు, మీ దీవి నెత్తిన
లేని ఎడారి ఒకటి లేచింది.

ఎడారి కాదు తల్లీ, అది ఉప్పు.
చెమ్మకి ఉబ్బిన సముద్రపు ఉప్పు.
నాకు తెలుసు. నా ఫైలుకి తెలీదు.

అప్పట్నుంచి బుధవారం బుధవారం
తెర మీద తొమ్మిది మొహాలు.
వెలుగు తగ్గడానికి రెండే దారులని తేలింది:
పక్కకి చెదరడం, రేణువులో ఇంకడం.
రెండూ కలిపితే క్షీణత.
"పోయిన వెలుగు" అని రాయబోతే
హెల్సింకి నుంచి ఓయ్వ ఒప్పుకోలేదు.
చెదిరింది పోలేదు,
ఇంకెవరి కంట్లోనో పడింది, అన్నాడు.
ఆ వారం ఇంకే పనీ జరగలేదు.

తాకిన వెలుగులో తిరిగి వదిలేసిన వాటాకి
ఇంకో పేరు కావాలి.
మసి పిసినారి, ఉప్పు దాత, అన్నాను.
నవ్వారు. రాసుకోలేదు.

అసలు గొడవ లోతు దగ్గర.
కాంతి లోతు అందాం, అని ఓయ్వ.
మందం అని మా దగ్గర ముప్పై ఏళ్ల రికార్డుంది,
ఎవరు మారుస్తారు, అని ఇలోరిన్ నుంచి మొరెనికె.
రెండూ ఒకటే అంకె.
రెండు పేర్లుంటే యంత్రానికి రెండు వస్తువులు.
నన్నడిగితే, ఎవరూ అడగలేదు గానీ,
మా వీధిలో లోతంటే
మా పెదనాన్న నికొలావు ఉన్న చోటు.
వలతో సహా.
ఆ మాట తీసుకెళ్లి ఆకాశంలో పెట్టడం నాకిష్టం లేదు.
చెయ్యెత్తమన్నప్పుడు మందానికి ఎత్తాను.
కారణం గడిలో రాశాను:
పాత రికార్డులతో పొంతన కోసం.

మందం గెలిచింది.
ఆఖరికి తయారైన పేరు
గాలపుతాడంత పొడుగు, మాటమాటకీ అడ్డగీత ముడి.
పరిసర గాలిలో, ఉన్న తేమతోనే,
ఏరోసాల్ రేణువుల వల్ల,
వాతావరణం మొత్తం మందాన.
తరంగదైర్ఘ్యం విడిగా రాయాలి.
యూనిట్ గడిలో: ఒకటి.
మీటర్లు లేవు, కిలోలు లేవు. ఒకటి.

ఇప్పుడు పదకొండేళ్ల మసకకి
ఒక్కో ఫైలుకీ బారసాల చేస్తున్నాను.
మధ్యలో మూడేళ్లు
ఆరబెట్టే గొట్టం చెడిపోయింది. ఎవరికీ చెప్పలేదు.
తడా, పొడా అన్న చోట
"తెలియదు" అని రాయడానికి
ఒక మధ్యాహ్నం పట్టింది.

కింది డాబా మీంచి జుల్మీరమ్మ అరిచింది,
ఇవాళెంతరా?
ఒకటిన్నర.
ఒకటిన్నర ఏంటి?
ఆలోచించాను.
ఏంటీ లేదమ్మా, ఒకటిన్నర.
నన్నోసారి ఎగాదిగా చూసి
దుప్పటి గట్టిగా దులిపింది.

తుడిచిన అద్దం మళ్లీ తుడిచాను.